మూడు వేళ్ల గ్లౌజులు

మెడ చుట్టూ ఈ రబ్బరు పట్టీ ఇంత బిగుతుగా ఉండాలా, ఉండాలట, వేలు దూరే సందుంటే నీళ్లూ దూరతాయట, సుధామణి గడ్డం పైకెత్తి ఊపిరి పీల్చింది, ఊపిరి లోపలికి వెళ్తోంది, బయటికీ వస్తోంది, కానీ గొంతు మీద ఎవరో అరచెయ్యి ఆనించి తీయడం మరిచిపోయినట్టుగా ఉంది, అలవాటవుతుందమ్మా, కాసేపు మింగకుండా ఉండు అంటున్నాడు ప్రేమ్‌కుమార్ సార్, విశాఖపట్నం మనిషి, నేవీలో పనిచేసి వచ్చి ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఈ విపత్తు దళానికి డైవింగ్ నేర్పుతున్నవాడు, మింగొద్దనగానే నోట్లో ఉమ్మి ఊరుతోంది, స్టోర్‌రూమ్‌లో కమ్మీకి వేలాడదీసిన మిగతా సూట్లు కిటికీలోంచి వచ్చే పొగమంచు గాలికి మెల్లగా కదులుతున్నాయి, వాటిలో ఏది తనదో ఇవాళే తేల్చుకోవాలి, సాయంత్రానికి మిగతావన్నీ రాయ్‌పూర్ తిరిగి వెళ్లిపోతాయి, వచ్చే నెల హిమాలయాల్లో ఒక సరస్సు మీద గడ్డకట్టిన మంచుని కోసి, ఆ కంతలోంచి తననీ తన జతగాడు కేసానీ లోపలికి దింపుతారు, దళం మొత్తంలో వాళ్లిద్దరినే ఎంచారు, ఆ నీళ్లలో తప్పు సూట్ వేసుకున్నవాళ్లకి తప్పని తెలుసుకునే తీరిక కూడా ఉండదని సార్ నిన్ననే చెప్పాడు, చెప్పి, ఏది మంచిదో నన్నడగొద్దు, వేసుకునేది మీరు, ఎంచుకోవాల్సిందీ మీరే అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

స్పాంజిలాంటి మందపు రబ్బరు సూట్ ఒకటి, అది తనంత తనే వెచ్చగా ఉంటుంది కానీ లోతుకి వెళ్లేకొద్దీ నీటి బరువుకి నలిగి పల్చబడిపోతుంది, రెయిన్‌కోటు గుడ్డలాంటి పల్చటిది ఇంకొకటి, అది నీళ్లనే ఆపుతుంది, చలిని ఆపాల్సింది లోపల వేసుకున్న బట్టలూ వాటిలో చిక్కుకున్న గాలీ, అన్నీ మగవాళ్ల కొలతలే, మందపు సూట్‌లో ఆమె పాదాలు బూట్ల మధ్యలోనే ఆగిపోయాయి, అందులో గాలి కాళ్లలోకి చేరితే తలకిందులై పైకి తేలిపోతావమ్మా అన్నాడు సార్, అందుకే పల్చటిది వేసుకుంది, పక్కన కేసా తన సూట్ మణికట్టు పట్టీలోకి పౌడర్ చల్లుకుంటూ చెయ్యి దూరుస్తున్నాడు, కొంట ఊరికి అవతల దోర్ల గిరిజనుల పల్లెవాడు, శబరి ఏట్లో ఈదుతూ పెరిగినవాడు, దళంలో ఆమెతోపాటే చేరి ప్రతి డైవ్‌లోనూ ఆమె జతగా దిగేవాడు, అక్కా, ఇది నా చేతికి జర వదులైతున్నట్టుందే అన్నాడు, ఆమె చూసి, ఏం కాదులే కేసా, పైన ఇంకో పట్టీ చుట్టుకో అంది, లోపలి బట్టల మాటకొస్తే కొంటకి ఫోన్ చేసింది, అక్కడ నాన్న దశరథరామయ్య బట్టల కొట్టు, నూలు మాత్రం ముట్టకు బిడ్డా, చెమటకు తడిసిన నూలు చలిని పట్టుకొని కూసుంటది, ఉన్నయితే తడిసినా వేడి విడువదు, మస్తు మందంది తీసుకున్నవనుకో చేతులు ఆడయి, పల్చటి ఉన్నిది లోపల, పైన దూది కుట్టిందొకటి వేసుకో, ఇంతకీ చేతితోటి నలిపి చూసినవా లేదా అన్నాడు, చూసిన నాన్నా అంది, చూడలేదు, బట్టల కొట్టులో పుట్టి పెరిగిన పిల్ల ఆ ఉన్నిని కంటితోనే ఎంచుకుంది, మడత విప్పి చూపించమని కేసాకి చెప్పింది.

ఇక గ్లౌజులు, బల్ల మీద రెండు రకాలు పెట్టాడు సార్, ఐదు వేళ్ల పల్చటివి, లోపల ఉన్ని తొడుగుతో, మణికట్టు దగ్గర రింగుకి బిగించుకునేవి, రెండోవి బండగా, నల్లగా, బొటనవేలికి ఒక గది, చూపుడువేలికి ఒకటి, మిగతా మూడింటికీ కలిపి ఒకటి, సార్ ఇంకా చెప్పడం పూర్తి చేయకముందే ఆమె చెయ్యి ఆ బండవాటి మీదికి వెళ్లిపోయింది, ఎందుకవి, తాడు కదలిక తెలీదు వాటితో, బకిల్ పట్టుకోవడమూ కష్టమే అన్నాడు ఆయన, చలి సార్, నా చేతులు తొందరగా కొంకర్లు పోతాయి అంది, ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు, కొంకర్లు పోయే చేతులు నేనిన్నాళ్లూ చూడలేదే అన్నట్టుగా, సరే, నీళ్లలో తేలుతుందిలే అన్నాడు.

ఊరి బయట పాత రాతి క్వారీ, రాయి తవ్వడం ఆపేశాక వాన నీళ్లతో నిండి నిండి లోతైన మడుగైంది, పుష్యమాసపు చలికి దాని మీద పొగ లేస్తోంది, సార్ పైన రబ్బరు పడవలో కూర్చున్నాడు, ఆమె నడుముకీ కేసా నడుముకీ మధ్య తాడు, ఆ తాడు చేత్తో పట్టుకునే ఉండాలి, ఒకసారి లాగితే బాగున్నాను, ఆగకుండా లాగితే బాగాలేను, దిగుతుంటే సూట్ కాళ్లకీ నడుముకీ అతుక్కుని పిండడం మొదలుపెట్టింది, ఛాతీ మీద గాలి నింపే బటన్ నొక్కింది, మొదటిసారి వేలు పక్కకి జారింది, రెండోసారి కూడా, మూడోసారికి గాలి సుయ్యిమంటూ చొరబడి పిండడం తగ్గింది, దిగేకొద్దీ ఆకుపచ్చ పోయి నలుపు, మొహం మీద నీళ్లు సూదుల్లా గుచ్చుతున్నాయి, కానీ ఒంటికి చలి లేదు, నాన్న చెప్పిన ఉన్ని వెచ్చగా పట్టుకుంది, చేతులకైతే వెచ్చనా చల్లనా అన్నదే లేదు, అవి తనవే కానట్టున్నాయి, అడుగున బురద పొగలా లేచింది, ఇక కళ్లతో పనిలేదు, రాళ్లను తడిమింది, రాయో చెక్కో తెలియలేదు, తెలియకపోవడం ఎంత హాయిగా ఉంది, ఇలాగైతే ఎంతసేపైనా ఉండొచ్చు, ఏది తగిలినా తగలనట్టే, ఆ రోజు కూడా ఇవి ఉండుంటే.

ఆ రోజు శబరి పొంగి ఉంది, నాటుపడవ బోల్తాపడింది, నీళ్లు ఎర్రమట్టి ముద్దలా ఉన్నాయి, మునిగినవాళ్ల కోసం ఒట్టి చేతులతోనే వెతికింది, వానాకాలం నీళ్లకి గ్లౌజులెందుకు, ముళ్లకంపలో వేళ్లు దూర్చి తడుముతుంటే వేళ్లకి వేళ్లు తగిలాయి, మొహం చూడకముందే తెలిసిపోయింది ఎవరో, చూపుడువేలికి అడ్డంగా పాత కొడవలి గాటు, సన్నే, సంతరోజున ఇప్పపువ్వు అమ్ముకుని నాన్న కొట్టుకి వచ్చే ఆమె, శాలువా అంచుని ఆ వేలికీ బొటనవేలికీ మధ్య నలిపి, గిది ఉన్ని కాదు సేఠ్, నన్ను మోసం జేస్తవా అనేది, నాన్న నవ్వి లోపలినుంచి అసలుది తీసేవాడు, చిన్న సుధ గల్లాపెట్టె పక్కన కూర్చుని ఆ గాటునే చూసేది, ఆ వేళ్లు ఇప్పుడు ముళ్లకంపలో, చల్లగా, ఆమె వేళ్లలో చిక్కుకుని, విడిపించుకుంటేనేగాని ఆమెను పైకి తీసుకురావడం కుదరదు, విడిపించుకోబోతే ఆ చెయ్యే తనని పట్టుకున్నట్టుగా, ఎలాగో ఆ శవాన్ని ఒడ్డుకి చేర్చింది, అందరూ మెచ్చుకున్నారు, ఆ తర్వాతే క్వార్టర్‌లో చెంచాతో అన్నం తినడం మొదలైంది, పిండి కలపడం మానేసింది, ఏందే గీ చెంచా అని అమ్మ అడిగితే చేతులకు దురదలమ్మా అంది, తనకీ అదే చెప్పుకుంది, దురద, చలి, ఏదో ఒకటి, పేరేదైనా.

తాడు, తాడు ఎందుకింత బిర్రుగా ఉంది, నడుముని ఎందుకు పక్కకి ఈడుస్తోంది, చేతిలో మాత్రం ఏమీ లేనట్టే ఉంది, చేతికేమీ తెలియలేదే, తిరిగి చూసేసరికి బురదలోంచి టార్చి వెలుగు ఒకటి ఊగుతూ దగ్గరికొచ్చింది, దాని వెనక కేసా, తాడుని రెండు చేతులా పట్టుకుని ఎగబాకుతూ, నేలమీద దోగాడుతున్నట్టుగా, అతని చెయ్యి వచ్చి ఆమె అద్దానికి కొట్టుకుంది, అద్దంలోంచి కళ్లు, అంత పెద్ద కళ్లు కేసావి ఎప్పుడూ చూడలేదు, అరచెయ్యి అటూ ఇటూ ఊపాడు, బాగాలేను, మణికట్టు చూపించాడు, పట్టీ వెనక్కి మడతపడి ఉంది, సూట్ సంచిలా నీళ్లతో నిండి కిందికి గుంజుతోంది, బటన్ నొక్కుతున్నాడు, నింపిన గాలి నింపినట్టే ఆ చేతిలోంచి బుడగలై పోతోంది, బరువు బెల్టు విప్పాలి, తనే విప్పాలి, అతని వేళ్లు వణికిపోతున్నాయి, బకిల్ కోసం అతని నడుము తడిమింది, ఏది బకిల్, ఏది తాడు, ఏది ట్యాంకు పట్టీ, అన్నీ ఒకటే, అన్నీ దిండు కింద పెట్టి నొక్కినట్టు, ఇంకోసారి, ఇంకోసారి, కేసా నోట్లోంచి బుడగలు గబగబా వస్తున్నాయి, ఏం చేస్తున్నావే, ఏం తెలుస్తుంది నీకు వీటితో, గ్లౌజుని మోకాళ్ల మధ్య పెట్టి లాగింది, ఊడింది, నీళ్లు చేతిని కొరికాయి, ఎముక దాకా, ఒట్టి చెయ్యి అతని నడుము మీద పడింది, ముందుగా తగిలింది అతని చెయ్యే, తడిసి రాయిలా చల్లబడిన వేళ్లు, ఆమె చెయ్యి దానంతటదే వెనక్కి రాబోయింది, రానివ్వలేదు, వాటి మీదుగానే జరిపింది, లోహపు అంచు దొరికింది, బకిల్ నాలిక దొరికింది, ఎత్తింది, బెల్టు జారి బురదలో పడింది, అతన్ని చంకకింద పట్టుకుని, తన భుజం మీది వాల్వులోంచి గాలి మెల్లగా వదులుతూ, తొందరపడకు, ఊపిరి బిగబట్టకు, తొందరపడకు, నలుపు ఆకుపచ్చయి, ఆకుపచ్చ తెలుపై, పడవ అడుగు కనిపించింది.

ఒడ్డున సూట్ విప్పితే కేసా కాళ్లలోంచి బిందెడు నీళ్లు దిగాయి, సార్ అతనికి రగ్గు కప్పి, ఫ్లాస్క్ మూత విప్పి టీ వంచుతున్నాడు, కేసా పళ్లు టకటకమంటూనే, లాగిన అక్కా, చానాసార్లు లాగిన, నువ్వు పలుకలే, నీకు గిట్ల ఏమన్న అయ్యిందో అని భయమైంది అన్నాడు, తనకే ఏమైనా అయిందేమోనని, నీళ్లు నిండిన సూట్‌తో ఇతను తన కోసం భయపడ్డాడు, వదులైతున్నట్టుందే అన్నప్పుడు ఆ మణికట్టు పట్టీ సందులో వేలు పెట్టి చూడాల్సింది, ఎందుకు పెట్టలేదు, కంటితోనే చూసి ఏం కాదులే అంది, నాన్న నలిపి చూసినవా అంటే చూసిన అంది, సార్ ఎందుకవి అంటే చలి అంది, ఇప్పుడు సార్ టీ గ్లాసు అందించబోతే కేసా వేళ్లు దాన్ని పట్టుకోలేకపోయాయి, ఆమె గ్లాసుని పక్కన పెట్టించి అతని చేతులను తన చేతుల్లోకి తీసుకుంది, నీళ్లలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, చల్లగా, తెల్లబడి, ముడతలు పడి, వదిలెయ్ అంది లోపలినుంచి ఏదో, వదలలేదు, రుద్దింది, వేళ్ల సందుల్లో, అరచేతిలో, మణికట్టు మీద, రుద్దుతుంటే ఆ చలి కింద సన్నగా, గట్టిగా నాడి కొట్టుకుంటోంది, ఏంది అక్కా, నా చేతులను గట్ల చూస్తవ్ అన్నాడు కేసా, ఏం లేదురా, ఉండు అంది, సార్, నాకు ఐదు వేళ్లవి, పల్చటివి అంది తల తిప్పకుండానే, అక్కడ చలి గట్టిగానే తెలుస్తుందమ్మా అన్నాడు ఆయన, తెలియనీండి సార్ అంది, కేసా వేళ్లు ఒక్కొక్కటిగా ముడుచుకుని ఆమె వేళ్లను పట్టుకున్నాయి, ఈసారి విడిపించుకోవాలనిపించలేదు, తాను భయపడింది చలికి కాదు, చలికి ఎప్పుడూ కాదు, ఆ ముళ్లకంపలో తగిలిన చేతికి, కానీ నీళ్లలో చేతికందే చెయ్యి బతికున్నదే కావచ్చు, ముట్టుకున్నవాళ్లకే అది తెలుస్తుంది.