చిక్కని నీళ్లు

పిచ్చుక అని పిలుచుకునే కూతురికి పల్చటి నీళ్లు పనికిరావు. అవి ఆ పిల్ల గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే తండ్రి గ్లాసులో నీళ్లను చిక్కబరిచే పొడి వేసి, చెంచా వంచితే తేనెలా జారేదాకా కలిపేవాడు. పిల్ల గడ్డం కిందికి దించి, గుటక పడిందని చూసుకున్నాకే రెండో చెంచా పెట్టేవాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి నడుం పడిపోయేది.

భార్య పోయాక అతని సెలూన్ తెరిచిన రోజు కన్నా మూసిన రోజే ఎక్కువైంది. అప్పుడు అక్క వచ్చింది. "నువ్వు కత్తెర పట్టుకో, చెంచా నేను పట్టుకుంటా" అంది. తల్లే తిరిగొచ్చిందనుకున్నాడు. పొద్దునా రాత్రీ మాత్రం తనే కలిపి పట్టేవాడు.

పిల్లకు న్యుమోనియా వచ్చింది. తగ్గింది. మళ్లీ వచ్చింది. డాక్టరమ్మ అతన్నే నిలదీసింది. పొడి సరిగ్గా కలపడం లేదనీ, ఇలాగైతే పొట్టకు గొట్టం వేయాల్సిందేననీ, అదీ పిల్ల దక్కితేనేననీ కడిగేసింది. అతను తలవంచుకుని విన్నాడు. పక్కనే నిలబడి అక్క కూడా విన్నది, జాలిగా నిట్టూర్చింది. లోపం తన చేతిలోనే ఉందనుకుని ఇంటికొచ్చి ఇంకా చిక్కగా కలిపాడు. పిల్ల మింగలేక కక్కేసింది.

ఒక మధ్యాహ్నం ఓ పెద్దమనిషి తల సగంలో ఉండగా కరెంటు పోయింది. ఆయన తిట్లు తింటూ మిగతా సగం కత్తెరతో ముగించి, తాళం వేసి ఇంటికొచ్చాడు. వంటగదిలో అక్క కుళాయి నీళ్లు పట్టి పిల్ల నోటికి అందిస్తోంది.

"నాన్నకు చెప్పకేం. ఆ జిగురు ఆయన్నే తాగమందాం."

పిల్ల నవ్వింది, దగ్గింది, మళ్లీ నోరు తెరిచింది.

అతను గ్లాసు లాక్కున్నాడు. ఎన్నాళ్ల నుంచని అడిగితే, వచ్చినప్పటి నుంచేనంది అక్క. "దాహమని ఏడుస్తుంటే ప్రాణం ఉసూరుమందిరా. నీళ్లేగా, విషమా?"

"డాక్టరమ్మ నన్ను తిడుతుంటే నీ నోరేమైంది?"

"చెబితే పంపించేస్తావని."

"అదొక్కటి సరిగ్గా తెలుసుకున్నావ్. బట్టలు సర్దుకో."

రోషం కూడు పెట్టదంది, షాపు ఎవరు తెరుస్తారంది, కళ్లొత్తుకుంది. అతను తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల అత్తా అత్తా అని వీధి వినేలా ఏడ్చింది.

ఏడుపు ఆగాక కొత్తగా నీళ్లు కలుపుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వూ చెప్పలేదేమే?"

"అత్త మంచి నీళ్లిస్తది. నువ్వివ్వవు."

పెదాలు బిగించింది. చెంచా పట్టుకుని చెయ్యి నొప్పెట్టేదాకా ఆగాడు. అక్క ఫోన్ చేస్తే కట్ చేశాడు. పొడి నాని గ్లాసులో నీళ్లు గడ్డకట్టాయి. పారబోసి మళ్లీ కలిపాడు.