‘ఇది పట్టుకో’ అన్నాను

నేను మాట్లాడే మనిషిని కాను. మా ఆవిడ నెవా అడిగే ప్రశ్నల్లో సగానికి తల ఊపి ఊరుకుంటాను. ఈ చిక్కంతా ఆ తల ఊపడం వల్లే వచ్చింది.

మే నెలలో ఒక మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు దాటింది. దక్షిణపు చేలో కంచె తీగ బిగించి ఇంటికొస్తే మా పనిముట్ల షెడ్డు ముందు ఎవరిదో పికప్ ట్రక్కు ఉంది. వెనక తలుపు దించి ఉంది. ఇంజన్ ఆడుతోంది. నెవా టౌన్లో చర్చి ఆడవాళ్లతో కలిసి బొంతలు కుట్టడానికి వెళ్లింది. మా కుక్క ఆ ట్రక్కు చక్రం వాసన చూసి తోక ఊపుతోంది. పాముల కోసం నా ట్రక్కు సీటు వెనక పెట్టుకునే రెండు గొట్టాల తుపాకీ తీసుకుని లోపలికి వెళ్లాను.

లోపల ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. నలభైకి కాస్త ఇవతల ఉంటాడు. నా వెల్డింగ్ మెషిన్ అతని ఎడమ పాదం మీద ఉంది. దాన్ని కదిలించాలంటే ముగ్గురు మనుషులు కావాలి. ఇతను ఒక్కడే ట్రక్కులోకి ఎక్కించబోయాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాను.

"దొంగతనం సార్," అన్నాడు. "కుదరలేదు."

"నొప్పిగా ఉందా?"

"చాలా."

"షెరిఫ్‌కి ఫోన్ చేస్తాను."

"చెయ్యండి. కాకపోతే ముందు ఇది తియ్యండి. ఒకసారి జైలుకి వెళ్లొచ్చినవాణ్ణి, మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను గానీ ఇది మాత్రం తట్టుకోలేను."

ఫోన్ చేశాను. షెరిఫ్ ఆఫీసు మాకు నలభై మైళ్లు. "యాభై నిమిషాలు పడుతుంది, అతన్ని కదలనివ్వకండి," అంది ఫోన్లో అమ్మాయి. ఆ భయం అక్కర్లేదన్నాను.

జాకీ తెచ్చాను. దాన్ని ఒక చేత్తో సర్ది పట్టుకుని, రెండో చేత్తో రాడ్డు ఆడించాలి. అంటే రెండు చేతులూ కావాలి. తుపాకీ మా నాన్నది. తుపాకీని నేల మీద పెడితే ఆయన ఆ పూట భోజనం పెట్టనిచ్చేవాడు కాదు. నాకు డెబ్భై ఒకటి. ఆ తుపాకీ ఇంతవరకు నేలను తాకలేదు. చుట్టూ చూశాను. నేలంతా ఆయిల్ మడ్డి, ఇనప రజను.

"ఇది పట్టుకో," అని అతని చేతికిచ్చాను.

పట్టుకున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని జాకీ ఆడించాను. సగం పైకి లేచాక, నా తల అతని పాదం దగ్గర ఉండగా, నేనేం చేశానో నాకు తట్టింది. తలెత్తి చూశాను. అతనూ తుపాకీ వంకే చూస్తున్నాడు.

"సార్, ఇందులో తూటాలున్నాయా?"

"రెండూ ఉన్నాయి."

"అయితే కొంచెం తొందరగా కానివ్వండి. నా చెయ్యి వణుకుతోంది."

పాదం బయటికి వచ్చింది. బయట అతని ట్రక్కు ఆడుతూనే ఉంది. అతను నేల మీదే కూర్చుని తుపాకీని మధ్యకు విరిచి తెరిచాడు. తూటాలు రెండూ తీసి నా అరచేతిలో పెట్టాడు. గొట్టాలు కిందికి దించి, తుపాకీ మడమ నావైపు తిప్పి ఇచ్చాడు. నేను తీసుకుని మళ్లీ తూటాలు వేసుకున్నాను. కదలనివ్వొద్దని ఆ అమ్మాయి చెప్పింది కదా. తర్వాత నెవా ఫ్రీజర్లో దాచిన బఠాణీల సంచి తెచ్చి అతని పాదం మీద పెట్టి, బకెట్టు బోర్లించుకుని ఎదురుగా కూర్చున్నాను. పేరు డెల్మర్ కోట్స్ అని చెప్పాడు.

షెరిఫ్ డెప్యుటీ హస్కిన్స్ వచ్చేసరికి మేం అలా ఉన్నాం. ఒళ్లో తుపాకీతో నేను, నేల మీద దొంగ, దొంగ పక్కన జాకీ రాడ్డు.

"పెద్దాయనా, బాగున్నారా? తుపాకీ చూసి ఆగాడా? ఈ రాడ్డుతో మీదికొచ్చాడా? అబ్బ, ఈ వయసులో ఏం గుండె మీది!"

నేను తల ఊపాను. బాగున్నారా అన్నదానికి ఊపాను. హస్కిన్స్ అన్నిటికీ కలిపి రాసుకున్నాడు. డెల్మర్ నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదో అప్పుడు నాకు తెలియలేదు.

చెప్పాల్సింది నేను. దొంగ చేతికి నిండు తుపాకీ ఇచ్చానని ఎలా చెప్పను? మా కౌంటీలో ముప్పై ఏళ్ల కిందట ఒకతను ట్రాక్టరుకి బ్రేకు వెయ్యడం మరిచి చెరువులో దించాడు. అతన్ని ఇప్పటికీ ‘అడ్మిరల్’ అనే పిలుస్తారు.

గురువారానికి దాణా కొట్టు కబుర్లలో ఆ రాడ్డు నా తల మీదికి లేచింది. శనివారానికి చెవి రాసుకుంటూ పోయింది. కొట్టు యజమాని బక్ లాండ్రమ్ నా చెవి పట్టుకుని అందరికీ చూపించాడు.

"ఇదిగో గీత! చూశారా?"

అది ముళ్లతీగ గీరుకున్న గీత. పాతికేళ్లయింది. ఆ సంగతి చెప్పాలంటే చాలా మాటలు కావాలి. ఈలోగా ఎదురు హోటల్లో తీపి ‘కొబ్బరి పై’ ముక్క ఊరికే తెచ్చి నా ముందు పెట్టారు. తిన్నాను.

బక్‌కి నా చెవి కావలసి వచ్చిన కారణం వేరే ఉంది. మా జడ్జి ఐరీన్ వోగెల్ గారిది మెత్తటి చెయ్యి అని పేరు. ఎడ్ల ట్రెయిలరు కాజేసినవాడికి సంత మైదానం ఊడ్చే శిక్ష వేసింది. మా దగ్గర జడ్జిని కూడా ఓట్లేసే ఎన్నుకుంటాం. నవంబరు ఎన్నికలో ఆమెను ఓడించాలని బక్ సంతకాలు పోగు చేస్తున్నాడు. మూడో సంతకం నాది.

"ఈసారి ఎలా వదుల్తుందో చూద్దాం," అన్నాడు బక్. "రాడ్డుంది, ముసలాడున్నాడు, చెవుంది. పదిహేనేళ్లకి తగ్గదు."

"పదిహేనా?" అన్నాను. ఆ నెలలో ఆ కొట్టులో నేనన్న మొదటి మాట అదే.

"మరి? ఒట్టి దొంగతనమైతే ఆవిడ ఇష్టం. ఆయుధంతో మీద పడ్డాడంటే ఆవిడ చేతుల్లో లేదు. పైగా వాడు పాత ఖైదీ. అలాంటివాడు తుపాకీ ముట్టుకున్నా నేరమే, తెలుసా? మా బావమరిది స్నేహితుడొకడు జింకల వేటకని తుపాకీ పట్టుకుని దొరికాడు, పదేళ్లు. తెలిసి వాడి చేతికిచ్చినవాణ్ణి కూడా లోపలేశారు."

నేను కాఫీ కప్పు కింద పెట్టాను. డెల్మర్ నోరు ఎందుకు మూసుకున్నాడో అప్పుడు అర్థమైంది.

నేను ఊరుకుంటే రాడ్డు అతనికి పదిహేనేళ్లు తెస్తుంది. నోరు విప్పితే రాడ్డు పోతుంది, తుపాకీ వస్తుంది. నేను ‘అడ్మిరల్’ పక్కన చేరతాను. అదీ జైల్లో కాక ఇంటి దగ్గర ఉంటేనే.

"ఏమయ్యా, నాలుగు రోజులుగా కంచంలో కెలుకుతున్నావ్," అంది నెవా. "పళ్లా, పొట్టా?"

తల ఊపాను.

"రెంటికీ ఊపితే ఎట్లా?"

సెప్టెంబరులో కోర్టుకి వెళ్లాం. డెల్మర్ దొంగతనం ముందే ఒప్పుకున్నాడు. తేలాల్సింది రాడ్డు సంగతి ఒక్కటే. హాలు నిండిపోయింది. బక్ కొట్టు మూసి, అక్కడ కాఫీ తాగే బృందాన్నంతా వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నేను బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను.

ప్రాసిక్యూటర్ స్పెన్స్ కుర్రతనం పోని మనిషి. అతనికీ నవంబరులోనే ఎన్నిక. "టకెట్ గారూ, ఈ ఇనప రాడ్డు ఆరోజు ముద్దాయి చేతిలో ఉందా?"

"లేదు."

"పక్కన పడేశాడా?"

"నేనే పడేశాను. అది నాది. జాకీ ఆడించాను."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. "నీ చెవో?" అని బక్ గొంతు వినిపించింది.

"ముళ్లతీగ," అన్నాను.

స్పెన్స్ కాగితాలు తిరగేశాడు. "జాకీ ఎందుకు ఆడించారు?"

"మెషిన్ అతని కాలి మీద ఉంది. నేను వెళ్లేసరికే ఉంది. నేనతన్ని ఆపలేదు. మెషినే ఆపింది."

నవ్వులు లేచాయి. జడ్జి గారు బల్ల మీద కొట్టింది. అక్కడితో ఆపేస్తే బాగుండేది. స్పెన్స్ ఆపలేదు.

"ఒక చేతిలో తుపాకీ ఉండగా జాకీ ఎలా ఆడించారు?"

తుపాకీ గోడకు ఆనించానంటే అయిపోయేది. మూడే మాటలు. నాకు తక్కువ మాటలే ఇష్టం. కానీ చెయ్యి ఇందాక పుస్తకం మీద పెట్టాను. అదీగాక ఆ మూడు మాటలకీ రెండో ప్రశ్న వస్తుంది, నాకు అబద్ధం పొడిగించడం రాదు.

"తుపాకీ ఇచ్చాను."

"ఎవరికి?"

"అక్కడ ఇంకెవరున్నారు?"

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. డెల్మర్ కళ్లు మూసుకున్నాడు. స్పెన్స్ ముఖం వెలిగింది.

"అంటే ముద్దాయి, పాత ఖైదీ అయి ఉండి, తూటాలున్న తుపాకీ పట్టుకున్నాడు?"

"నేను ‘ఇది పట్టుకో’ అన్నాను. పట్టుకున్నాడు. జైలుకి వెళ్లొచ్చానని ముందే చెప్పాడు. తెలిసే ఇచ్చాను. తెలిసి ఇచ్చినవాడిదీ నేరమేనట, బక్ చెప్పాడు. రాస్తే ఇద్దరి మీదా రాయండి. నా పేరులో టకెట్‌కి చివర రెండు ‘టి’లు."

స్పెన్స్ హాలు వైపు చూశాడు. వేసవంతా నా చెవిని మెచ్చుకున్న జనం ఒక యాభై మంది ఉన్నారు. డెబ్భై ఒక్కేళ్ల ముసలాణ్ణి జైలుకి పంపమని అడిగే ముఖం ఒక్కటీ అతనికి కనిపించినట్టు లేదు.

"ఇక ప్రశ్నల్లేవు," అని కూర్చున్నాడు.

జడ్జి గారు కళ్లజోడు తీసింది. "నాకొకటుంది. తుపాకీ మీకు తిరిగి ఎలా వచ్చింది?"

"ఇచ్చాడు. మధ్యకు విరిచి తెరిచి, తూటాలు తీసి నా చేతిలో పెట్టి, గొట్టాలు నేల వైపు దించి, మడమ నావైపు పెట్టి."

హాల్లో ఆడవాళ్లు ఏమనుకున్నారో గానీ మగవాళ్లందరి దగ్గర్నుంచీ ఒక మూలుగు లాంటిది వచ్చింది. మెచ్చుకోలు అది. బక్ కూడా మూలిగాడు.

"ఎవరు నేర్పారయ్యా నీకు?" అని జడ్జి గారు డెల్మర్‌ని అడిగింది.

"మా తాతండీ."

"దొంగతనం?"

"అది నేనే నేర్చుకున్నానండీ. సరిగ్గా రాలేదు."

ఆమె ఏదో రాసుకుంది. జైలు శిక్ష పక్కన పెట్టి, మూడేళ్లు షెరిఫ్ ఆఫీసులో నెలనెలా సంతకం పెట్టమంది. మూడు వందల గంటలు సంత మైదానంలో పని. తుపాకీ గురించి ఎవరూ కేసు పెట్టలేదు కాబట్టి తన ముందు తుపాకీ ఏదీ లేదంది. తర్వాత నావైపు తిరిగింది.

"టకెట్ గారూ, నన్ను దించెయ్యాలన్న కాగితం మీద మీది మూడో సంతకమట."

"అవునండీ."

"కారణం ఏం రాశారు?"

"దొంగల్ని మరీ నమ్ముతారని, అండీ."

ఆమె కళ్లజోడు పెట్టుకుని తరవాతి కేసు పిలవమంది.

బయట మెట్ల మీద బక్ నన్ను పట్టుకున్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. అంతకన్నా పెద్ద బాధలో ఉన్నాడు.

"ఓరిన్, నాకొక్కటి చెప్పు. ఆ షెడ్డులో నీ ట్రాక్టరుంది కదా?"

"ఉంది."

"దానికి సీటుంది కదా? తుపాకీ సీటు మీద పెట్టొచ్చు కదా?"

దీని గురించి మే నెల నుంచీ ఆలోచిస్తున్నాను.

"తట్టలేదు," అన్నాను.

"తట్టలేదట!" అని అతను వెనకవాళ్లకి చెప్పాడు. వాళ్లు వాళ్ల వెనకవాళ్లకి చెప్పారు. ఆ మాట మెట్లు దిగి పార్కింగ్ స్థలం దాకా వెళ్లడం నాకు వినిపించింది. ట్రక్కులో కూర్చున్న నెవా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపు కాదు.

అప్పుడు డెల్మర్ కుంటుతూ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. జనం చోటిచ్చారు. స్పెన్స్ పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

"సార్," అన్నాడు డెల్మర్, "ఒక సంగతి ఆరోజే చెబుదామనుకున్నాను. మీ కుడి గొట్టం ట్రిగ్గరు వదులుగా ఉంది. చెయ్యి తగిలితే పేలుతుంది. స్క్రూ ఒకటి బిగించుకోండి."

ట్రిగ్గరు అన్న మాటకి స్పెన్స్ తల పైకెత్తాడు.

నేను డెల్మర్ మోచెయ్యి పట్టుకుని నాలుగు మెట్లు కిందికి నడిపించుకుపోయాను.

"మెల్లిగా చెప్పవయ్యా," అన్నాను. "ఏ స్క్రూ?"