తెల్లబడిన చిగుళ్ళు

పొద్దున్నే పార్లర్ అద్దం తలుపు తుడవడం ఆమె పని. తలుపు మీద మూరెడు వెడల్పు నవ్వు ఒకటి అతికించి ఉంది. ముక్కు లేదు, కళ్ళు లేవు. పెదవులు, వాటి మధ్య తెల్లటి పళ్ళు, అంతే. ఆ పళ్ళు ఆమెవే. బొమ్మలో పళ్ళను తడిగుడ్డతో రుద్దుతుంటే నోట్లో అసలు పళ్ళు జివ్వుమంటాయి. ఈ మధ్య నోటితో గాలి పీల్చినా అంతే. అందుకని పెదవులు బిగించుకుని తుడుస్తుంది. లోపలికొచ్చే ఆడవాళ్ళు బొమ్మనూ ఆమెనూ మార్చి మార్చి చూసి, ఇంత మంచి పళ్ళుండి ఈవిడ నవ్వదేమిటని ఆడపడుచును అడుగుతుంటారు. "మా మరదలికి కాస్త బిగువు లెండి" అంటుంది ఆడపడుచు, ముద్దుగానే.

పార్లర్ ఆడపడుచుది. పెళ్ళయిన కొత్తలో, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే బదులు అక్కకు కాస్త చేతిసాయం చెయ్యమన్నాడు భర్త. ఆ చేతిసాయంలో కనుబొమలు తీర్చడం, ముఖాలకు బ్లీచ్ వేయడం, జుట్టుకు రంగు పూయడం, రాలిన వెంట్రుకలు ఊడ్చడం, తువ్వాళ్ళు ఉతికి ఆరేయడం ఒకటొకటిగా వచ్చి చేరాయి. సాయంత్రం ఇంటికెళితే వంట ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ అమ్మాయికి జీతమెంతిస్తారని ఒకావిడ అడిగితే ఆడపడుచు నొచ్చుకుంది. "అదేం మాటండీ, మా ఇంటి పిల్ల" అంది. ఆ మాట విని ఆమె ఆ రోజంతా గర్వంగా తిరిగింది. తన పుట్టింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి తనే. అయినా ఆ గర్వంలో ఉన్న తెలివితక్కువతనం అప్పుడు కనిపించలేదు.

పళ్ళు తెల్లగా చేసే పెట్టె వచ్చిన రోజున కూడా ముందు తననే కుర్చీలో కూర్చోబెట్టారు. పెదవులను వెనక్కి లాగి పట్టే ప్లాస్టిక్ చట్రం, నీలం లైటు, పేరూ ఊరూ లేని సీసాలో జెల్. జెల్ వేసే ముందు చిగుళ్ళకు అడ్డంగా పూయవలసిన ముద్ద కూడా ఒకటి వచ్చింది. అది పూసి ఆరేదాకా కూర్చునేలోగా ఇద్దరికి కనుబొమలు అయిపోతాయని ఆడపడుచు దాన్ని సొరుగులో పడేసింది. ఆ పార్లర్‌లో అన్నీ ముఖానికి వేసే బ్లీచ్ లెక్కే. బ్లీచ్ వేసినప్పుడు మంటకు మెలికలు తిరిగేవాళ్ళను అట్టముక్కతో విసురుతూ, "చురుక్కుమంటే పట్టినట్టే" అని సముదాయిస్తారు. అదే మాట చిగుళ్ళకూ చెప్పారు. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే భర్త ఫోన్‌లో ఫోటో తీస్తూ, "ఏం ఫర్వాలేదు, కళ్ళు పడవులే, పళ్ళే కదా కావలసింది" అన్నాడు. ఆ ఫోటో తలుపెక్కింది, వచ్చేవాళ్ళకు జెల్ వేయడం కూడా ఆమె పనుల్లో చేరింది.

నొప్పి తగ్గకపోతే, కూరగాయలకని చెప్పి రెండు వీధుల అవతలి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. బయట ఎక్కడైనా తెల్లగా చేయించుకున్నారా అని డాక్టరమ్మ అడిగితే తలూపింది. ఇది అసలే పనికిరాని వైద్యమేం కాదని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఎవరికి ఎంత ఘాటు మందు పడుతుందో చూడాలి, ముందు పుచ్చులున్నాయేమో, చిగుళ్ళు వాచి ఉన్నాయేమో చూడాలి, చిగుళ్ళకు మందు తగలకుండా కప్పాలి, అది చూడ్డానికి ఆ చదువుండాలి అంది. "పార్లర్లలో చెయ్యడం నేరమమ్మా. చేసిన మనిషి మీద కేసవుతుంది" అంది చివర్లో, చేతితొడుగులు తీసేస్తూ. తన నొప్పికి మందు కోసం వెళ్ళిన మనిషి, తన చేతుల కింద నోరు తెరిచిన ఆడవాళ్ళందరి మొహాలూ వెంటేసుకుని ఇంటికొచ్చింది. రాత్రి అన్నాల దగ్గర భర్తకు ఆ సంగతి చెప్పింది. బేరం పోతుందని డాక్టర్లు అలాగే బెదిరిస్తారని అతను తేల్చేశాడు. ముందునుంచీ నీ పళ్ళు సున్నితమేనని కూడా అన్నాడు. ఆ పళ్ళతో ఆమె పెళ్ళికి ముందు చెరకు నమిలిందో, రాళ్ళు నమిలిందో అతనికేం తెలుసు. అత్తగారు మాత్రం జాలిపడి, తాగడానికి గోరువెచ్చని నీళ్ళు వేరే కాచుకోమంది.

అంతా విన్నాక కూడా ఆమె జెల్ వేస్తూనే ఉంది. వద్దని ఎలా చెప్పాలో తెలియక కొంత, వద్దంటే ఇంట్లో ఏమవుతుందో తెలిసి కొంత. పోయిన వారం ఒక స్కూలు టీచర్‌కు చేసినప్పుడు చిగుళ్ళు కాగిన పాల మీద మీగడలా తెల్లబడి పైకి లేచాయి. టీచర్ కుర్చీలోంచి లేచి, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

రేపు హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని ఈ ఉదయం ఒక అమ్మాయి వచ్చింది. పళ్ళకు గార పట్టిందని వాళ్ళెక్కడ వద్దంటారోనని ఆ పిల్ల భయం. "ఈమెకు వద్దు వదినా" అంది ఆమె. ఆడపడుచు కౌంటర్ దగ్గర్నుంచి తలెత్తకుండానే, వద్దనడానికి నువ్వెవరు, పచ్చపళ్ళు వేసుకుని పోతే ఆ పిల్లకు ఉద్యోగం నువ్విస్తావా అంది. ఆమె సొరుగు తీసి చిగుళ్ళకు పూసే ముద్ద కోసం వెతికింది. అది ఎప్పుడో ఎండి రాయిలా అయింది. దాన్ని చేతిలో పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. కానీ ఆ తర్వాత చెయ్యి అలవాటు ప్రకారం తన పని తాను చేసుకుపోయింది. చట్రం బిగించింది, జెల్ పూసింది, లైటు వేసింది.

అప్పుడే భర్త తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. టీచర్ ఆరోగ్యశాఖలో ఫిర్యాదు ఇచ్చిందనీ, మధ్యాహ్నం తనిఖీకి వస్తున్నారనీ చెప్పాడు. చెబుతూనే సీసాలు సంచిలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. ఇప్పుడు లైటు ఆపకు, సగంలో పంపితే ఈ పిల్ల కూడా రభస చేస్తుందంది ఆడపడుచు. అక్కా తమ్ముడూ కాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత భర్త ఆమె దగ్గరికొచ్చి, ఎన్నడూ లేనిది భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం భయపడకు. అక్క ఊళ్ళో లేనప్పుడు సరదా కొద్దీ నువ్వే తెప్పించి చేశావని చెప్పు. చదువుకోనిదాన్ని, తెలియక చేశానంటే వదిలేస్తారు."

"చదువుకోనిదాన్నని చెప్పాలా?"

"చెబితే ఏం పోయింది?"

"లైసెన్సు నా పేరు మీద ఉందే" అంది ఆడపడుచు. "నా పేరొస్తే షాపు మూత. మూతపడితే పస్తులుండేది మనందరం కాదూ."

మనందరం. ఆ మాట ఎప్పుడు వాడాలో వీళ్ళకు భలే తెలుసనుకుంది ఆమె. నెలాఖరులో తను ఇంటి పిల్ల. తువ్వాళ్ళు ఉతికేటప్పుడు ఇంటి పిల్ల. తలుపు మీద అతికించడానికి నవ్వు కావలసినప్పుడు ఇంటి పిల్ల. ఇవాళ మాత్రం ఎవరికీ చెప్పకుండా సీసాలు తెప్పించి జనం నోళ్ళు కాల్చిన పరాయి మనిషి. సరే, అదీ అబద్ధం కాదు పూర్తిగా. నోళ్ళు కాల్చిన చేతులు ఇవే కదా. డాక్టరమ్మ చెప్పాక కూడా ఆగని చేతులు. తను చదివిన డిగ్రీ ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ అక్కరకు రాలేదు. ఇప్పుడు లేదని చెప్పడానికి అక్కరకొచ్చింది. ఇన్ని ఆలోచనల మధ్య ఒక్కటే సందేహం మిగిలింది. పాపం, వీళ్ళకు కూడా తెలియదేమో. తెలియక చేయించారేమో. అలాగైతే ముగ్గురం ఒకే గోతిలో పడ్డవాళ్ళమే.

"ఇలా కాలుతుందని మీకు తెలుసా వదినా?" అని అడిగింది.

"తెలియకేం, నీకయినప్పుడు చూశాంగా" అంది ఆడపడుచు సంచి మూతి ముడివేస్తూ. "రెండ్రోజులు ఏడ్చావు, ఊరుకున్నావు. చచ్చిపోలేదుగా."

భర్త ఏమైనా అంటాడేమోనని అతని వైపు చూసింది. అతను గడియారం చూసుకుంటున్నాడు.

కుర్చీలో అమ్మాయి చెయ్యి పైకెత్తింది. చట్రం పెదవులను రెండు పక్కలకూ లాగి పట్టడంతో చూసేవాళ్ళకు పెద్దగా నవ్వుతున్నట్టే ఉంది. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. నోరు ఆడకపోయినా ఇంతసేపూ చెవులు వింటూనే ఉన్నాయి. "చురుక్కుమంటే పట్టినట్టేనమ్మా" అని ఆడపడుచు అలవాటుగా అని, విసరమన్నట్టు ఆమె చేతికి అట్టముక్క అందించింది.

ఆమె దాన్ని పక్కన పెట్టింది. లైటు ఆపింది. దూదితో జెల్ తుడిచి, చట్రం తీసి, గిన్నె పట్టుకుని అమ్మాయి చేత చాలాసార్లు పుక్కిలింపజేసింది. పై చిగుళ్ళ మీద అక్కడక్కడ అప్పుడే తెల్లబడుతోంది.

"రెండు వీధుల అవతల డాక్టరమ్మ ఉన్నారు. పద, నేనూ వస్తాను" అంది.

"ఇంటర్వ్యూ అక్కా..." అంది అమ్మాయి వాచిన పెదవులతో.

"ఇవే పళ్ళతో వెళ్ళు. ఈ పని చెయ్యడానికి నాకు చదువూ లేదు, హక్కూ లేదు. తెలిసే చేశాను."

ఆడపడుచు మొహం మాడ్చుకుంది. ముందు ఆ పిల్ల నోరు మూయించవే అంటూ కౌంటర్ వెనక నుంచి లేచింది. భర్త వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"వాళ్ళొచ్చేసరికి నువ్విక్కడ ఉండాలి."

"వస్తానండీ. ఈమెను అప్పగించి వచ్చేస్తాను."

"వచ్చి? ఏం చెప్తావు?"

ఆమె ఇన్నాళ్ళుగా బిగపట్టిన పెదవులు విడదీసింది. గాలి తగిలి పళ్ళన్నీ ఒక్కసారిగా జివ్వుమన్నాయి. అయినా మూయలేదు.

"ముందు నా పేరు చెప్తానండీ, చేసింది నేను కాబట్టి. ఆ తర్వాత వాళ్ళు అడగకపోయినా మీ ఇద్దరి పేర్లూ చెప్తాను."