ఆరో వరసలో ఏడు

ఆ గదిలోకి వెళ్ళాలంటే ఫోను, చేతి గడియారం, ఆఖరికి మెడలో వేలాడే పెన్‌డ్రైవ్ అయినా సరే, బయట అరలో పెట్టి తాళం వేసుకోవాలి. లోపలి మాట బయటికి పొక్కకూడదని అక్కడ మాటలు రికార్డు చేసే మైకు కూడా పెట్టలేదు. ఇంత కట్టుదిట్టం చేసిన పెద్దమనుషులు, లోపల కూర్చునే ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరి మీద అందరికీ ఉన్న గుడ్డి నమ్మకాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

ఆ గదిలో పని ఒక్కటే. సముద్రం మీది కాపలా ఓడలు, ప్రమాదంలో చిక్కినవాళ్ళని కాపాడే పడవలు ఒక ఉపగ్రహం ద్వారా ఒడ్డుతో మాట్లాడుకుంటాయి. ఏ దిక్కుకి తిరగాలో, ఏ ఫ్రీక్వెన్సీ మీద వినాలో ఆ ఉపగ్రహానికి రోజూ ఆదేశాలు పంపాలి. అన్నీ అంకెలే. సంతకాలు పడిన కాగితం ఒకటి వస్తుంది. అవే అంకెలు కంప్యూటరు తెర మీదికీ వస్తాయి. ఒకరు తెర మీద ఉన్నది పైకి చదవాలి. ఇంకొకరు తెర కనబడకుండా ఎదురుగా కూర్చుని, విన్నదాన్ని కాగితంతో పోల్చుకుని "సరే" అనాలి. ఎవడో దూరాన కూర్చుని కంప్యూటర్లోకి చొరబడి అంకె మార్చినా, కాగితం దగ్గర దొరికిపోతాడని ఈ ఏర్పాటు.

చదివే ఆవిడని, కాగితాల మీద రీడర్ అని రాసినా, అందరూ ఎక్కాలమ్మ అంటారు. యాభైకి దగ్గరపడింది. పద్నాలుగేళ్ళుగా ఆ కుర్చీలోనే ఉంది. ఏ వరసలో ఏ అంకె ఉంటుందో, ఏ నెలలో మారిందో, నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళని తీసుకొచ్చి ఆవిడ ముందు నిలబెట్టి, "ఏదన్నా అడగండి" అని మురిసిపోవడం ఆ ఆఫీసులో ఒక సరదా. ఆవిడ "ఊరుకోండి" అంటూనే అడిగిన దానికి రెండింతలు చెప్పేది.

కాగితం పట్టుకునే ఆవిడ పేరు నిదానం. పెట్టిన పేరు కాదు, పడిపోయిన పేరు. నలభై రెండేళ్ళ మనిషి, టీ తాగినా కప్పులో ఏముందో పరీక్షించినట్టే తాగుతుంది. ఎక్కాలమ్మే ఆమెకి పని నేర్పింది. "అక్కా" అనకుండా నిదానం ఒక్క మాట మొదలుపెట్టేది కాదు. వచ్చే నెల నుంచి ఆమెని షిఫ్టు ఇన్‌చార్జిని చేస్తున్నారు. ఉత్తర్వు టైపయి సంతకం కోసం కూర్చుంది.

సరిగ్గా అప్పుడే సైబర్ భద్రత విభాగం నుంచి ఆడిటరు దిగాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. వారం రోజులు ఎవరికీ అడ్డు రాకుండా తిరిగి, సోమవారం పొద్దున అందరినీ ఆ ఉపగ్రహ స్టేషను పెద్దాయన గదిలో కూర్చోబెట్టాడు.

"మొన్న శుక్రవారం నేనొక పరీక్ష పెట్టాను. ఆరో వరసలో ఆఖరి అంకె కాగితం మీద ఏడు. తెర మీద దాన్ని ఒకటిగా మార్చాను. ఈ ఇద్దరూ దాటించేశారు. ఆదేశం వెళ్ళిపోయింది."

పెద్దాయన కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "ఎక్కడికి వెళ్ళింది?"

"కంగారుపడకండి. దారి మళ్ళించి నా పెట్టెలో పడేలా చేశాను. నిజంగా వెళ్ళుంటే, పడవలు ఒకచోట అరుస్తుంటే ఉపగ్రహం ఇంకోచోట చెవి పెట్టి కూర్చునేది."

పెద్దాయన నిదానం వైపు తిరిగాడు. "పోల్చే పని నీది కదమ్మా. ఎలా తప్పింది?"

"నాకు ఏడనే వినబడింది సార్," అంది నిదానం.

"ఒకటి చదివితే ఏడని ఎలా వినబడుతుంది? ఆవిడ పద్నాలుగేళ్ళలో ఒక్క అంకె తప్పు చదివిందా?" పెద్దాయన ఎక్కాలమ్మని చూసి, సమాధానం ముందే తెలిసినవాడిలా అడిగాడు. "నువ్వేం చదివావమ్మా?"

"తెర మీద ఉన్నదే చదివానండి," అంది ఎక్కాలమ్మ.

ఆ మాట అన్నప్పుడు ఆవిడ అబద్ధం ఆడుతున్నాననుకోలేదు. నిజం చెబుతున్నాననీ అనుకోలేదు. ఎప్పుడూ అనే మాట నోటికొచ్చింది, అనేసింది. అయితే, తెర మీద ఒకటిని చూసినట్టు ఆవిడకి గుర్తులేదు. "ఏడు" అని పలికినట్టు గుర్తుంది.

నిదానం ఒకసారి ఎక్కాలమ్మ మొహంలోకి చూసి తల దించుకుంది. "అక్క చదివిందంటే సరిగ్గానే చదివుంటుంది సార్. నేనే తప్పు విన్నాను."

అంతటితో తేలిపోయింది. నిదానాన్ని ఆ గది నుంచి తప్పించి ఫైళ్ళ గదికి పంపారు. ఇన్‌చార్జి ఉత్తర్వు సంతకం కాకుండానే వెనక్కి పోయింది. ఈ శుక్రవారం ఆడిటరు నివేదిక ఇచ్చేస్తే ఇక అది రాతలో ఉండిపోతుంది. ఎక్కాలమ్మ తేలు కుట్టిన దొంగలా తన కుర్చీలో కూర్చుంది. 'నాకు మాత్రం రూఢిగా తెలుసా ఏమిటి? ఆ పిల్లే పరాకుగా ఉందేమో' అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఇలాంటి సర్దుబాట్లకి మనసు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

బుధవారం క్యాంటీనులో నిదానం ఎదురుగా వచ్చి కూర్చుంది. రెండు రోజులకే మొహం పీక్కుపోయింది.

"చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చానక్కా. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు."

"మంచిదేగా."

"మంచిదెలా అవుతుంది? చెవిలో తేడా లేదంటే తలలో ఉన్నట్టేగా." నిదానం గొంతు తగ్గించింది. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది. మేం అనని మాటలు అన్నామనేది. మాతో పోట్లాడేది. రెండేళ్ళు తిరిగేసరికి నన్నే 'నువ్వెవరమ్మా' అని అడిగింది. అప్పుడు అమ్మకి నలభై ఐదు."

ఎక్కాలమ్మ కంచం పక్కకి జరిపింది. "పిచ్చిమాటలు మాట్లాడకు. ఒక్క అంకెకే..."

"ఒక్క అంకె కాదక్కా. నాకు ఇప్పటికీ నీ గొంతే వినబడుతోంది. ఏడు అని. అంత స్పష్టంగా లేనిది వినబడిందంటే ఏమనుకోను? ఇంట్లో ఇంకా చెప్పలేదు. రేపు తల స్కానింగుకి రాయించుకుందామనుకుంటున్నా."

చెప్పేయడానికి అంతకన్నా మంచి సమయం లేదు. ఎక్కాలమ్మ కప్పు ఆమె ముందుకి తోసి, "టీ చల్లారిపోతోంది, తాగు" అంది. పద్నాలుగేళ్ళ పేరు గొంతుకి అడ్డం పడింది.

ఆ సాయంత్రం ఇంట్లో కూతురు కంప్యూటరు ముందు కూర్చుని కాలేజీ దరఖాస్తు నింపుతోంది. "అమ్మా, నా కార్డు మీద నెంబరు చదవవా" అంటూ కొత్త కాలేజీ కార్డు చేతికిచ్చింది. ఎక్కాలమ్మ చదివింది. కూతురు కొట్టింది. నెంబరు తప్పని వచ్చింది. మళ్ళీ చదివింది, మళ్ళీ తప్పు. మూడోసారి కూతురు లేచొచ్చి కార్డు లాక్కుని చూసి పకపకా నవ్వింది.

"ఇది పాత కాలేజీ నెంబరమ్మా! కొత్త కార్డు చేతిలో పెట్టుకుని పాతది అప్పజెబుతున్నావు. ఉన్నది చదవమంటే గుర్తున్నది చదువుతావేంటి?"

సోఫాలో ఉన్న భర్త కూడా నవ్వాడు. "మీ అమ్మకి కళ్ళతో పనిలేదే. అంతా తలలోనే అచ్చయి ఉంటుంది."

వాళ్ళది వట్టి వేళాకోళం. ఎక్కాలమ్మకి మాత్రం నవ్వు రాలేదు. కార్డు తిరిగి తీసుకుని చూసింది. ఆ నెంబరు మీదుగా మూడుసార్లు తన కళ్ళు నడిచాయి, ఒక్కసారీ చూడలేదు. శుక్రవారం తెర ముందు ఏం జరిగిందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. జ్ఞాపకం లేకపోవడం వల్ల తప్పు రాలేదు. ఊరంతా మెచ్చుకున్న ఆ జ్ఞాపకమే తెచ్చిపెట్టింది.

ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పుకునే వీలు లేదు. గదిలో సంగతులు గడప దాటకూడదని సంతకం పెట్టింది. భోజనం చేయకుండా పడుకుంది. పేరు పోతుందన్న బాధ ఉంది, దాచడమెందుకు. కానీ ఒక మనిషి తన తల చెడిపోయిందని వణికిపోతుంటే తను పేరు కాపాడుకుంటూ కూర్చుందన్న సిగ్గు దాన్ని మించిపోయింది.

మర్నాడు, ఫైళ్ళ గదికి వెళ్ళేవాళ్ళు కూడా ఫోన్లు పెట్టే అరల దగ్గర నిదానం కోసం కాచుకుని నిలబడింది. నిదానం రాగానే, పలకరింపు కూడా లేకుండా అంది.

"స్కానింగు వద్దు. నువ్వు సరిగ్గానే విన్నావు. నేను ఏడే అన్నాను. తెర చూడకుండా అలవాటుగా చదివేశాను."

నిదానం చేతిలో తాళంచెవి కిందపడితే వంగి తీసుకోలేదు.

"అంటే నేను బాగానే ఉన్నానా?"

"బాగానే ఉన్నావు తల్లీ. నూటికి నూరుపాళ్ళు బాగున్నావు."

నిదానం గోడకి ఆనుకుని ఏడ్చింది. ఎక్కాలమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయింది. నిదానం ఆ చేతిని పక్కకి తీసేసింది.

"సోమవారమే తెలుసా నీకు?"

"అనుమానం ఉంది."

"నిన్న క్యాంటీనులో మా అమ్మ సంగతి చెప్పినప్పుడు?"

ఎక్కాలమ్మ వంగి, కిందపడిన తాళంచెవి తీసి అందించింది.

"తప్పు ఎవరికైనా వస్తుందక్కా. కానీ నిన్న నాకు టీ తాగమన్నావు చూడు," అని నిదానం ఆ మాట పూర్తిచేయకుండా ఫైళ్ళ గది వైపు వెళ్ళిపోయింది.

ఎక్కాలమ్మ తిన్నగా పెద్దాయన గదికెళ్ళి, ఆడిటరు ముందే ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దాయన నమ్మలేదు. ఆ పిల్ల మీద జాలితో నింద నెత్తినేసుకుంటున్నావని వాదించాడు కూడా! ఆడిటరు మాత్రం పుస్తకం మూసి శ్రద్ధగా విన్నాడు.

"మీ కంప్యూటర్లలో పదకొండు కన్నాలు కనిపెట్టాను. అన్నీ పూడ్చగలను. ఇది పన్నెండోది. ఎవరు తప్పు చేయరని అందరూ అనుకుంటారో, చొరబడేవాడికి వాళ్ళే దారి."

"చదివేందుకు యంత్రం వస్తోందటగా. అది పెట్టేయండి," అంది ఎక్కాలమ్మ.

"వస్తుంది. అదీ వేల కాగితాలు చూసి నేర్చుకున్నదే. మసగ్గా ఉన్నచోట రోజూ చూసే అంకెనే ఊహించి చెప్పేస్తుంది, అచ్చం మీలాగే. దాని పక్కనా ఒక మనిషి కావాలి. దాన్ని నమ్మని మనిషి."

శుక్రవారం నివేదిక మారింది. నిదానం ఇన్‌చార్జి ఉత్తర్వు మీద సంతకం పడింది. తప్పు చదివినందుకు, దాన్ని మూడు రోజులు దాచినందుకు ఎక్కాలమ్మ సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా పడింది. ఆ కుర్చీ మాత్రం ఉంచారు. ఉంచమన్నది ఎవరో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

తర్వాతి సోమవారం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. నిదానం కాగితం విప్పింది. ఎక్కాలమ్మ చదవడం మొదలుపెట్టింది. ఒకటో వరస సరే. రెండు సరే. అయిదు సరే. ఆరో వరస చదివి, ఎదుటి నుంచి మాట కోసం ఆగింది.

నిదానం కాగితం మీంచి తలెత్తింది. "రీడర్, ఆరో వరస ఇంకోసారి చదవండి."

"అక్కా" అనలేదు. "చదువు" అనలేదు. ఎక్కాలమ్మకి సరిగ్గానే చదివాను అని నాలుక చివరిదాకా వచ్చింది. అలాంటి మాటే పోయినవారం కూడా అన్నానని గుర్తొచ్చి మింగేసింది. తెర మీద మొదటి అంకె కింద వేలు పెట్టింది. అది ఏమిటో తెలిసి కూడా, తెలియనిదాన్ని చూసినట్టు చూసి, చదివింది.