ఎర్రబారే వేళ

భర్త చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతుండగా ఆమెకా సంగతి తెలిసింది.

"మీ ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. ఏదో సదస్సట, నిన్ను పంపుతారా అన్నాడు. ఇల్లు వదిలి కదలడం కుదరదని చెప్పేశాను," అన్నాడు భర్త, మరో చొక్కా బల్ల మీద పడేస్తూ. "ఎవరో కుర్రాణ్ణి పంపుతార్లే."

ఆమెకు ఒళ్ళు మండింది. తన ప్రయాణం గురించి ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుని, తేల్చుకుని, ఫోన్లు కూడా పెట్టేశారు.

ఆ సదస్సులో చెప్పవలసింది ఆమె కనుక్కున్న విషయం. ఎర్ర రక్తకణాలను చావకుండా కాపాడే జన్యువొకటి ఉంది. దాన్ని తొలగిస్తే కణాలు అసలు పుట్టనే పుట్టవని ప్రయోగశాలలో అందరి నమ్మకం. ఆమె గాజు పళ్ళేల్లో మాత్రం పుట్టాయి, పుష్కలంగా పెరిగాయి. తీరా నిండుగా ఎర్రబారి, పనికి అందివచ్చే వేళకు కుప్పకూలాయి. ప్రొఫెసర్ నవ్వాడు: "ఇంటి ధ్యాసలో పడి పోషకద్రవం మార్చడం మరిచిపోయుంటావమ్మా. ఆడవాళ్ళతో ఇదే చిక్కు." ఆమె జన్యువున్న కణాలనూ లేనివాటినీ పక్కపక్కనే పెట్టి, అదే చేత్తో, అదే సీసాలోని ద్రవంతో మళ్ళీ పెంచింది. "ఆ కంటికి కనపడనివాటి మీదున్న శ్రద్ధలో సగం మా మీదుంటేనా!" అని అత్తగారు దెప్పుతున్నా సెలవురోజుల్లోనూ వెళ్ళి ద్రవం మార్చి వచ్చింది. జన్యువున్నవి బతికాయి. లేనివి మళ్ళీ ఆ దశలోనే పోయాయి. ఆనాటి నుంచి ప్రొఫెసర్ నోట అది 'మన పరిశోధన' అయింది.

తననూ చదువుకోనిచ్చారు. ఉద్యోగం చెయ్యనిచ్చారు. ఎంత విశాల హృదయులో అని బంధువులు మెచ్చుకున్నారు కూడా. సరిగ్గా ఇప్పుడు, చేసిన పని తన నోటితో చెప్పుకోవలసిన వేళకు, ఇల్లు కదలడం కుదరదు!

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఫోన్ అందుకుంది.

"సార్, మీరు సదస్సులకు వెళ్ళేటప్పుడు మేడంగారికి ఫోన్ చేసి ఎవరైనా అడిగారా?"

"అది కాదమ్మా, నీ ఇబ్బంది చూసే..."

"సదస్సులో నేనే మాట్లాడతాను. నా పేరు పంపించండి."

భర్త నోరు తెరిచాడు. "మరి మా సంగతి? ఈ చొక్కాలు?"

"పెట్టె ఇంకా వేడిగానే ఉంది. కానివ్వండి."

లోపలి గదిలో కూర్చుని ఆమె తన ప్రసంగానికి మొదటి వాక్యం రాసుకుంది: "ఈ కణాలు బలహీనమైనవి కావు, పండే వేళకు వాటికి అండ లేకుండా చేసింది మనమే."