మూడో అంతస్తులో ఊపిరి పరీక్ష

ఊపిరి ఆడనివాళ్ళని పరీక్షించే గదిని మూడో అంతస్తులో పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆ రోజు లిఫ్టు కూడా చెడింది. పొగబండి గోడ పట్టుకుని మెట్లెక్కసాగాడు. సైన్యంలో పదకొండేళ్ళు చెత్తగుంటలు తగలబెట్టే పని చేసినందుకు తోటివాళ్ళు పెట్టిన పేరది. మనిషి రిటైరయ్యాడు గానీ పేరు వదల్లేదు, పొగా వదల్లేదు.

పరీక్షలో అంకె యాభై అయిదు దాటకపోతే ఉబ్బసానికి అరవై శాతం వైకల్యం రాస్తారు. ఆ పింఛనొస్తే పిండిమిల్లులో కాపలా ఉద్యోగం మానెయ్యొచ్చు. ఆ దుమ్ములో ఇంకో ఏడాది బతకనని అతనికి తెలుసు. పరీక్షకి ఆరు గంటల ముందు నుంచీ ఇన్‌హేలరు ముట్టొద్దని ఉత్తరంలో రాశారు. పొద్దున్నుంచీ పంటి బిగువున ఓర్చుకున్నాడు.

రెండో అంతస్తు మలుపులో కూలబడ్డాడు. పెదాలు నీలంగా మారాయి. వద్దని చెయ్యి ఊపుతున్నా, వెంట వచ్చిన భార్య వినలేదు. సంచిలోంచి ఇన్‌హేలరు తీసి, గడ్డం పట్టుకుని, నోట్లో రెండుసార్లు కొట్టింది.

పైన పరీక్ష గదిలో మిషను దగ్గరున్న అమ్మాయి గొట్టం అందించి, ఇంకా ఊదండి, ఆపకండి అని గద్దించింది. ఆజ్ఞ వినగానే పాత సిపాయి ఒళ్ళు దాని మానాన అది పనిచేసింది. డెబ్బై రెండు వచ్చింది.

అతను మెట్ల మీద ఇన్‌హేలరు పీల్చిన సంగతి అక్కడి డాక్టరుకి చెప్పుకున్నాడు. అలాగైతే పరీక్ష చెల్లదనీ, మళ్ళీ తేదీ దొరకడానికి పద్నాలుగు నెలలు పడుతుందనీ అన్నాడు డాక్టరు. ఆయన చెడ్డవాడేం కాదు, ఇంకో దారి కూడా వెతికాడు.

"ఆయాసం ఎక్కువై నెలనెలా ఆస్పత్రికొచ్చిన చీటీలున్నాయా? ఉంటే ఈ అంకెతో పనిలేదు, అరవై రాసేస్తా."

"ఆస్పత్రిదాకా రానిచ్చేది కాదు సార్. ఇంట్లో మా ఆవిడే చూసుకునేది."

"ఆవిడ చూసినదానికి కాగితం లేదు కదండీ."

వరండాలో భార్య లేచి నిలబడింది.

"ఏమండీ, బాగా ఊదారా?"

"బాగా ఊదాను. నువ్విచ్చిన మందు భలే పనిచేసింది."

ఆవిడ మొహం విచ్చుకుంది. ఇన్‌హేలరుని రుమాల్లో చుట్టి సంచిలో భద్రంగా పెట్టుకుంది. అతను కొత్త తేదీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టాడు. రేపు ఆరింటికల్లా మిల్లు తలుపు తియ్యాలి.