దీపం ముట్టే చేతులు

దవాఖాన మంచం మీద లింగస్వామి నిద్రలోనే మూలిగాడు. పక్కన నిలబడ్డ ఆండాలు డాక్టర్ త్రినాథరావు మొహం వంకే చూస్తోంది. భర్తకు వచ్చింది రక్తపు క్యాన్సర్ అని తెలిసినప్పటి నుంచి ఆమెను ఒక ప్రశ్న తొలుస్తోంది.

"సారూ, మా నల్లగొండ నీళ్లతోనే రక్తం ఖరాబైందంటున్నరు ఊర్ల. గా ఫ్లోరైడ్ నీళ్లు. నిజమేనా?"

"ఆ నీళ్లు ఎముకల్ని పాడుచేస్తాయమ్మా. ఈ జబ్బు వాటివల్ల వస్తుందని ఎవరూ తేల్చలేదు."

"మరి మా దిక్కు వాళ్లకే ఎక్కువొస్తదా?"

"ఇక్కడికి వచ్చినవాళ్లనే కదండీ నేను చూసేది. రానివాళ్ల సంగతి నాకేం తెలుసు? అది చూసి మీ జిల్లాలో ఎక్కువనో తక్కువనో చెప్పలేను. ఈయన ఏం పని చేసేవారు?"

"ఎల్బీ నగర్ల లారీలకు రంగులేసుడు సార్. ఆయన, మా మరిది కృష్ణ."

"చేతులకంటిన రంగు దేంతో కడిగేవారు?"

"పెట్రోల్‌తోని. పొద్దుగూకంగనే షెడ్డుల నర్సింహస్వామికి దీపం పెడ్తరు. రంగు చేతులతోని ముట్టొద్దని మోచేతుల దాకా కడుగుతరు."

"పెట్రోల్లో బెంజీన్ అని ఒకటి ఉంటుందమ్మా. ఏళ్ల తరబడి పీలిస్తే, ఒంటికి తగిలితే, ఈ జబ్బు వచ్చే ముప్పు పెరుగుతుంది. ఈయనకు దానివల్లే వచ్చిందని మాత్రం అనలేను. చాలామందికి ఎందుకొస్తుందో మాకే తెలియదు. మీ మరిదికి ఎలా ఉంది?"

ఆండాలుకు చటుక్కున గుర్తొచ్చింది. కృష్ణ ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. పళ్లు తోముకుంటే నెత్తురొస్తోందని నవ్వుతూ చెప్పాడు కూడా.

భర్త చేతుల శుచి చూసి ఇన్నేళ్లూ మురిసిపోయింది తను. స్వామీ, నీ కోసం కడుక్కున్న చేతులే కదా ఇవి!

తిన్నగా షెడ్డుకు పోయి మరిదిని రక్తపరీక్షకు లాక్కొచ్చింది.

"అన్నను సూదులతోని పొడిచింది సాలదా వదినె? నన్ను గూడ జల్లెడ చేస్తవా?"

"నిన్ను జల్లెడ చేసి పిండి జల్లించుకుంటనా? నడువ్, మాట్లాడకు!"

దిల్‌సుఖ్‌నగర్ ల్యాబులో రక్తం ఇచ్చాక కృష్ణ మళ్లీ పనిలో పడ్డాడు. సాయంత్రం ఫోన్ చేస్తామన్నారు. ఆండాలు షెడ్డులోనే స్టూలు మీద కూర్చుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని గోవిందనామాలు చదువుకుంది. కంప్రెషర్ మోత ఆగిన ప్రతిసారీ ఆమె నామం కూడా ఆగిపోయేది. కృష్ణ మామూలుగా ఈల వేస్తూ పనిచేస్తాడు. ఈ రోజు ఈల లేదు.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. కృష్ణే అందుకున్నాడు. "ఆ... ఆ... అంతేనా మేడం?" అన్నాడు. గోడకు ఆనుకుని నెమ్మదిగా కిందికి జారాడు.

"ఏందిరా? చెప్పు!"

"రక్తం తక్కువుందంట. మిగతయి అన్నీ మంచిగనే ఉన్నయంట వదినె. చిగుళ్లకు పళ్ల డాక్టర్ను కలువుమన్నది."

ఆండాలు కళ్లు తుడుచుకునే లోపే కృష్ణ ఈల వేసుకుంటూ లేచాడు. దీపం వేళైంది. అలవాటుగా చెయ్యి పెట్రోల్ సీసా మీదికి పోయింది.

ఆమె ఒక్క ఉదుటున సీసా లాక్కుంది. "మంచిగుందంటే మళ్లీ గిదేనా? డాక్టర్ సారు పెట్రోల్ గురించి ఏమన్నడో చెప్పిన గద నీకు? వంటనూనె రాసి సబ్బుతోని కడుగు!"

కడిగాడు. ఎర్రరంగు సగమే వదిలింది. గోళ్ల సందుల్లో అట్లాగే ఉంది. స్వామి పటం ముందు నిలబడి వెనక్కి తగ్గాడు.

"మైల చేతులు వదినె. స్వామికి కోపమొస్తే ఎట్ల?"

"ఒస్తే నా మీదికి రానీ. తిండి పెట్టే రంగు మైలెట్లయితది? ముట్టియ్!"

కృష్ణ అగ్గిపుల్ల గీశాడు. వత్తి అంటుకుంది. ఇత్తడి కుందె మీద అతని వేలి గుర్తు ఎర్రగా పడింది. తుడవబోయి, ఆండాలు కొంగు వెనక్కి తీసుకుంది.